గాజు కింద మట్టి

ఇస్తాంబుల్‌లో రుస్తుం పాషా మసీదు గోడలను దగ్గరగా చూసేవాళ్ల చూపు ముందుగా ఎరుపు దగ్గర ఆగుతుంది. 1560ల ఆరంభంలో వాస్తుశిల్పి సినాన్ కట్టిన ఈ మసీదుకు టైల్స్ ఇజ్నిక్ పట్నం నుంచి వచ్చాయి. వాటిమీద నీలం, ఫిరోజా, ఆకుపచ్చ రంగులన్నీ గాజుపూతలో కలిసిపోయి నున్నగా ఉంటాయి. ఎరుపు మాత్రం ఉబ్బెత్తుగా లేచి ఉంటుంది. కళ్లు మూసుకుని వేలితో తడిమినా తులిప్ పువ్వు రేక ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలుస్తుంది. నీలానికి కోబాల్టు, ఫిరోజాకు రాగి చిటికెడు చాలు. ఈ ఎరుపు అచ్చంగా మట్టి. ఇనుము దండిగా ఉన్న ఎర్రమన్నును మెత్తగా నూరి, నీళ్లలో కలిపి, కుంచెతో మందంగా పెట్టారు.

అంత మందం పెట్టక తప్పదు. సీసం, సోడా కలిసిన గాజు కరిగినప్పుడు తన కిందున్న ఇనుప ఆక్సైడును కొంచెం కొంచెంగా తనలోకి లాక్కుంటుంది. గాజులో కరిగిన ఇనుము ఎర్రగా ఉండదు. పసుపు చాయకో గోధుమ చాయకో తిరుగుతుంది. పల్చగా పూసిన ఎరుపు బట్టీ దిగేసరికి మాయమవుతుంది. పైపొర గాజుకు బలైనా అడుగుపొర మిగలాలి. మరీ మందమైతే ఆరేటప్పుడే బీటలు వారుతుంది. ఈ రెంటి మధ్య ఉన్న సందు చాలా ఇరుకు. 1557లో పూర్తయిన సులేమానియే మసీదు టైల్స్‌తో వెలుగులోకి వచ్చిన ఆ ఎరుపు, 17వ శతాబ్దంలో ఒట్టోమన్ ఆస్థానం ఆదరణ తగ్గేకొద్దీ పల్చబడి గోధుమరంగుకు దిగింది. ఎర్రమన్ను ఎక్కడికీ పోలేదు. దాన్ని పట్టే చెయ్యి తప్పింది.

టైల్స్ గురించి రాసేవాళ్లు రంగులు, నమూనాలు, కట్టించిన రాజుల గురించి ఎక్కువగా రాస్తారు. పూతలో ఉన్న మట్టి గురించి రాసింది తక్కువ. కానీ నాలుగు వందల ఏళ్లు ఎండకూ వానకూ నిలిచిన టైలుకూ, నాలుగేళ్లకు పెచ్చులూడిన టైలుకూ తేడా తెచ్చేది చాలావరకు ఆ మట్టే అని నేను నమ్ముతాను. రంగులు ఎక్కడి నుంచైనా కొనుక్కోవచ్చు. ఏ మట్టి, ఎంత, దేని పక్కన అన్నది మాత్రం ఏళ్ల తరబడి చేతులు కాల్చుకుని నేర్చుకోవలసిందే.

ఆ లెక్కను కాగితం మీద పెట్టినవాడు ఒకడున్నాడు. ఇరాన్‌లోని కాషాన్ పట్నంలో తరతరాలుగా టైల్స్ చేసిన అబూ తాహిర్ కుటుంబంలో పుట్టిన అబుల్ కాసిం, మంగోల్ సుల్తానుల కొలువులో చరిత్రకారుడయ్యాడు. 1301లో రత్నాల మీద, పరిమళ ద్రవ్యాల మీద గ్రంథం రాస్తూ, చివర తన ఇంటి వృత్తి రహస్యాలకు ఒక అధ్యాయం ఇచ్చాడు. అందులో టైలుకూ పాత్రకూ పిండి కలిపే పాళ్లు ఇలా ఉన్నాయి: పొడిచేసిన తెల్ల పలుగురాయి పది పాళ్లు, ముందుగా కరిగించి నూరిన గాజుపొడి ఒక పాలు, తెల్లని జిగురుమట్టి ఒక పాలు. పన్నెండింట ఒక్కటే మట్టి! కుమ్మరి చక్రం ముందు పుట్టిపెరిగిన మనవాళ్లకు ఇది వింతగా తోస్తుంది. మన కుండ అంతా మట్టే కదా.

ఇంత పలుగురాయి ఎందుకంటే, ఆ కాలపు మెరిసే నీలం గాజులో సోడా ఎక్కువ. సోడా గాజు వేడికి బాగా వ్యాకోచిస్తుంది, చల్లారేటప్పుడు బాగా ముడుచుకుంటుంది. దాన్ని మామూలు ఎర్రమట్టి టైలు మీద పోస్తే, కింది టైలు తక్కువగా ముడుచుకుంటుంది, పైపూత ఎక్కువగా ముడుచుకోబోతుంది. అప్పుడు పూత నిండా వెంట్రుకంత పగుళ్లు పుడతాయి, వాటిలోంచి నీరు దిగుతుంది. పలుగురాయి కూడా వేడికి బాగా వ్యాకోచించే పదార్థమే. 573 డిగ్రీల దగ్గర దాని స్ఫటికం అమరిక మారి ఒక్కసారిగా ఉబ్బుతుంది, చల్లారుతూ అదే చోట తగ్గుతుంది. అందుకే పలుగు నిండిన టైలు, సోడా నిండిన పూత కలిసి సర్దుకుపోతాయి. అయితే పలుగుపొడికి జిగురు లేదు. తడిపి ముద్ద చేస్తే విరిగిపోతుంది. పచ్చిగా ఉన్నంతసేపూ దాన్ని పట్టి ఉంచేది ఆ ఒక్క పాలు మట్టే.

ఇజ్నిక్ వాళ్లు ఇంకో మెట్టు ఎక్కారు. టైలు మీద, రంగుల కింద, అదే జాతి మిశ్రమాన్ని ఇంకా మెత్తగా, ఇంకా తెల్లగా నూరి పలచని పొరగా పూశారు. టైలులో ఇనుము మరక ఎక్కడున్నా ఆ పొర కప్పేస్తుంది. గరుకు పూడి కుంచె సాఫీగా నడుస్తుంది. ఆ టైల్స్ తెలుపు అంత స్వచ్ఛంగా వెలగడానికి కారణం ఈ పొరే. పలకకూ పూతకూ మధ్య ఇలా వేసే మట్టిపొరను ఇప్పటి ఫ్యాక్టరీల్లో ఎంగోబ్ అంటారు.

ఇక గాజుపూత లోపల మట్టి చేసే పని చూద్దాం. గాజుపొడి బరువైనది. నీళ్లలో కలిపి వదిలితే కాసేపట్లో అడుగున చేరి రాయిలా గట్టిపడుతుంది. అందులో వందకు ఐదు నుంచి పది పాళ్లు చైనా క్లే, అంటే కేయోలిన్ కలిపితే ద్రవం నిలకడగా ఉంటుంది. కేయోలిన్ రేణువులు సన్నని రేకులు. రేకు ముఖాల మీద ఒక రకం విద్యుదావేశం, అంచుల మీద మరో రకం ఉండడంతో, అంచు ముఖాన్ని తాకుతూ నీళ్లలో పేకమేడలా నిలబడతాయి. ఆ అరల్లో గాజు రేణువులు చిక్కుకుని కిందికి దిగవు. కలిపితే మేడ కూలి ద్రవం పారుతుంది, వదిలితే మళ్లీ లేస్తుంది. బెంటొనైటు అనే మట్టికి ఈ గుణం ఇంకా ఎక్కువ. ఒకటి రెండు పాళ్లు చాలు, మూడు దాటితే పూతకే ముప్పు.

పూత టైలు మీద పడ్డాక మరో పని మొదలవుతుంది. కాల్చిన టైలు నీటిని గటగటా పీల్చుకుంటుంది. మట్టి లేని పూతలో నీరంతా క్షణంలో దిగిపోయి, పైన పొడి మిగిలి, చెయ్యి తగిలితే రాలుతుంది. మట్టి తన దగ్గర నీటిని పట్టి ఉంచి నెమ్మదిగా వదులుతుంది. ఆరాక పొరను టైలుకు అంటిపెట్టుకునేలా చేస్తుంది. బట్టీలో 450 నుంచి 600 డిగ్రీల మధ్య కేయోలిన్ తన స్ఫటికంలో దాచుకున్న నీటిని, బరువులో సుమారు 14 శాతం, ఆవిరిగా విడిచిపెడుతుంది. మిగిలేవి అల్యూమినా, సిలికా. వేడి పెరిగాక ఆ అల్యూమినా గాజులో కలిసి దాన్ని చిక్కపరుస్తుంది. మసీదులో మిహ్రాబ్ అనే ప్రార్థన గూటి వంపు కోసం చేసిన టైలు మీదైనా, బట్టీ అరలో నిలువుగా పెట్టిన టైలు మీదైనా పూత జారి కిందికి కారకపోవడానికి అదొక కారణం.

మట్టి ఎక్కువైతే కూడా ప్రమాదమే. జిగురుమట్టి ఆరేటప్పుడు బాగా కుంచించుకుపోతుంది. పూత పచ్చిలోనే నెర్రెలిస్తుంది. కరిగినప్పుడు ఆ నెర్రెల అంచులు వెనక్కి ముడుచుకుని, అక్కడక్కడా టైలు బోసిగా బయటపడి, పక్కన గాజు బొట్లు బొట్లుగా పోగవుతుంది. దీనికి పనివాళ్లు కనిపెట్టిన విరుగుడు ముచ్చటైనది. కావలసిన కేయోలిన్‌లో సగాన్ని ముందే కాల్చి కలుపుతారు. కాలిన మట్టి ఇక కుంచించుకోదు, అల్యూమినా మాత్రం యథాతథంగా అందిస్తుంది. పచ్చి సగం పూతను పట్టుకుంటుంది. రెండు సగాల రసాయనం ఒకటే, స్వభావాలు వేరు.

మట్టి మీద మట్టి పూసే విద్య మన నేలకు కొత్త కాదు. పెద్దబంకూరు, కొండాపూర్ వంటి శాతవాహనుల నాటి స్థలాల్లో ఎర్రపూత వేసి మెరుగుపెట్టిన పెంకులు దొరికాయి. ఇప్పటికీ కుమ్మరులు కుండను ఆవంలో పెట్టే ముందు ఎర్రమట్టి నీళ్లు పూసి నునుపు చేస్తారు. ఇజ్నిక్ ఎరుపులో ఉన్నదీ, ఇందులో ఉన్నదీ అదే ఇనుము. మనవాళ్లు గాజు పోయలేదు కాబట్టి వాళ్ల ఎరుపుకు గాజు గండం లేదు.

దక్కనుకు గాజు టైలు ఇరాన్ సంబంధాల మీద వచ్చింది. గీలాన్ నుంచి వచ్చి బహమనీ మంత్రి అయిన మహమూద్ గవాన్ 1472లో బీదరులో మదరసా కట్టించాడు. దాని గోడల మీద, మిగిలిన మీనారు మీద నీలం, తెలుపు, పసుపు టైల్స్ నేటికీ కనిపిస్తాయి. తర్వాత హైదరాబాదులో మహమ్మద్ కులీ కుతుబ్ షా నిర్మించిన బాద్‌షాహీ అషూర్‌ఖానా ఉంది. దాని టైలు పని 1611 నాటికి ముగిసింది. ఒక్కో రంగు టైలును కోసి, ముక్కలను పక్కపక్కన పేర్చి పీర్ల ఆకారాలు, షట్కోణాల అల్లికలు తీర్చారు. చార్మినారుకు కూతవేటు దూరంలో ఉన్న ఈ గోడల్ని చూడని హైదరాబాదీలు ఎందరో. అది నాకు బాధ కలిగించే విషయం. 1908 మూసీ వరద నీళ్లు అక్కడికీ వచ్చి కింది భాగపు టైల్స్‌ను దెబ్బతీశాయి. పోయిన చోట అదే నమూనాను రంగులతో గీసి నింపారు. దూరం నుంచి సరిపోయినట్టే ఉంటుంది. దగ్గరికి వెళితే, పైన గాజు లోపలి నుంచి వెలుగు తిరిగి వస్తుంది, కింద రంగు మీదే ఆగిపోతుంది.

ఇప్పటి టైలు ఫ్యాక్టరీ ఈ విద్యకు దూరమైందని అనుకుంటాం, నిజానికి దాని మీదే బతుకుతోంది. గుజరాత్‌లోని మోర్బీలో టైలు ఒక గంట లోపే రోలర్ల మీద 1100 డిగ్రీలు దాటిన బట్టీలోంచి ఇవతలికి వచ్చేస్తుంది. పాత బట్టీలకు రోజులు పట్టేది. ఇంత తొందరలో టైలులోని కర్బనం, సున్నపు పదార్థాలు విడిచే వాయువులు పూత మూసుకోకముందే బయటపడాలి. లేదంటే పైన సూదిబెజ్జాలు మిగులుతాయి. అందుకే ఎంగోబ్‌ను గాజుపూత కంటే ఆలస్యంగా కరిగేలా కూర్చుతారు. అందులో కేయోలిన్, బాల్ క్లే, పలుగు, ఫ్రిట్ అనే ముందే కరిగించి నూరిన గాజుపొడి, తెలుపు కోసం జిర్కన్ ఉంటాయి. మన వైపు ఈ సరుకు లేకపోలేదు. ద్వారకా తిరుమల పరిసరాల్లో బాల్ క్లే, గూడూరు అభ్రకపు గనుల చుట్టూ పలుగురాయి, ఫెల్‌స్పార్ ఉన్నాయి. బాల్ క్లే జిగురు కేయోలిన్ కంటే చాలా ఎక్కువ. సాధారణంగా అందులో సేంద్రియ పదార్థం కూడా ఎక్కువే కాబట్టి పైపూతలో తక్కువగా, అడుగుపొరలో ధారాళంగా వాడతారు.

పాత కట్టడాల బాగు కోసం టైల్స్ చేయించేవాళ్లకు ఈ జ్ఞానం ఇప్పుడు అత్యవసరం. ఢిల్లీలో హుమాయూన్ సమాధి పునరుద్ధరణలో ఉజ్బెకిస్తాన్ పనివాళ్లను రప్పించి, నిజాముద్దీన్ బస్తీ యువకులకు టైలు తయారీ నేర్పించారు. ఆ పద్ధతే నడవాలి. రంగు కలిసిందని చూసి టైలు తెచ్చి అతికిస్తే, పాత ముక్క ఒక లెక్కన, కొత్త ముక్క మరో లెక్కన నీరు పీలుస్తాయి, ఎండకు వేర్వేరుగా సాగుతాయి. నాలుగు వానాకాలాల తర్వాత సందుల్లో ఉప్పు పొంగి అంచులు లేస్తాయి. ముందు రాలిపడిన పాత ముక్క ఒకదాన్ని అడ్డంగా కోసి, సూక్ష్మదర్శిని కింద పలక ఎంత, అడుగుపొర ఎంత, గాజు ఎంత అని పొరలు చూడాలి. అందులో పలుగెంత, మట్టెంత అని పాళ్లు తేల్చాలి. ఆ పాళ్లతో చిన్న బిళ్లలు కాల్చి, వేడినీళ్లలోంచి చన్నీళ్లలోకి ముంచి, సిరా పూసి తుడవాలి. వెంట్రుక పగులు ఉంటే సిరా చారగా నిలిచిపోతుంది. చార లేని బిళ్ల దొరికేదాకా మట్టి పాలు మారుస్తూ మళ్లీ కాల్చాలి. గోడ దగ్గరికి వెళ్లేది ఆ తర్వాతే.