జాన్ హౌలాండ్ వంశకథనం: స్మారకశిల, లిఖితప్రతి

1620లో మేఫ్లవర్ నౌకపై ప్లిమత్ చేరిన జాన్ హౌలాండ్ వంశచరిత్రలో పెద్ద చిక్కు అతని పూర్వులది కాదు, అతని భార్యది. ఎలిజబెత్ ఎవరి కుమార్తె? ఆమె వలస తొలి గవర్నరు జాన్ కార్వర్ కుమార్తె అని 19వ శతాబ్దం మధ్య వరకు కుటుంబ పారంపర్యం చెప్పుకొంది. ప్లిమత్ శ్మశానంలో వారసులు నిలిపిన స్మారకశిలపైనా ఆ మాటే చెక్కారు. శిలకెక్కిన మాటకు ప్రామాణ్యం సులభంగా సిద్ధిస్తుంది. అయితే హౌలాండ్ మరణించింది 1673లో. ఆ శిల 19వ శతాబ్దపుది.

ఈ కథనాన్ని తలకిందులు చేసింది ఒక లిఖితప్రతి. విలియం బ్రాడ్‌ఫర్డ్ స్వయంగా రాసిన ప్లిమత్ వలస చరిత్ర అమెరికా విప్లవకాలం నుండి జాడ లేకుండా పోయింది. 1855లో అది లండన్ బిషప్పు ఫుల్‌హామ్ గ్రంథాలయంలో ఉన్నట్లు తేలింది, 1856లో అచ్చయింది. దానికి అనుబంధంగా ఉన్న ప్రయాణికుల పట్టికలో కార్వర్ ఇంటివారి కింద భార్య, సేవకులు, ఆశ్రితులు ఉన్నారు, కుమార్తె లేదు. హౌలాండ్ ఆ సేవకులలో ఒకడు. ఎలిజబెత్ పేరు జాన్ టిల్లీ దంపతుల కింద, వారి కుమార్తెగా ఉంది. సుమారు 30 ఏళ్ల తర్వాతి స్థితిని నమోదు చేస్తూ బ్రాడ్‌ఫర్డ్, హౌలాండ్ టిల్లీ కుమార్తెను పెండ్లాడాడనీ, వారికి 10 మంది సంతానమనీ రాశాడు. అప్పటికి ఆ దంపతులు సజీవులు, అతనికి ఎరుకైనవారు. ఇంతకు మించిన సమకాలిక సాక్ష్యం అరుదు.

పారంపర్యాన్ని కాపాడేందుకు ఒక సమన్వయం ప్రచారంలో ఉంది: అనాథయైన బాలికను కార్వర్ పెంచాడని. అది అసంభవం కాదు. అయితే 1621లోనే కార్వర్ దంపతులిద్దరూ మరణించారు. పెంపకం జరిగినా కొన్ని నెలలే. బ్రాడ్‌ఫర్డ్ ఆ మాట చెప్పలేదు. ఊహను సాక్ష్యంగా పరిగణించడం పాత పొరపాటును కొత్త రూపంలో నిలపడమే.

ఈ పొరపాటు నిష్పక్షపాతమైనది కాదు. దానివల్ల సేవకుడు గవర్నరు అల్లుడయ్యాడు. తొలి శీతకాలంలోనే మరణించిన టిల్లీ దంపతులు సొంత బిడ్డ వంశవృక్షం నుండి తొలగిపోయారు. నేటి శిలపై టిల్లీ పేరు ఉంది. తల్లి పేరును మాత్రం బ్రాడ్‌ఫర్డ్ పట్టిక సైతం ఇవ్వదు, 'అతని భార్య' అని ఊరుకుంటుంది. ఆమె జోన్ అని తెలిపేది బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని హెన్లో చర్చి నమోదు పుస్తకం. 1607లో ఎలిజబెత్‌కు జ్ఞానస్నానం జరిగిందీ అక్కడే.