పిన్ ముందు ఒక రెసిస్టర్

మైక్రోకంట్రోలర్ ఇన్‌పుట్ పిన్ తనకోసం కరెంట్ దాదాపు తీసుకోదు. ఆర్డుయినో యునో బోర్డు మీది ఏటీమెగా328పీ చిప్‌లో అది ఒక మైక్రో ఆంపియర్‌కు మించదు. మరి కరెంట్ ఎక్కువై పిన్ కాలిపోవడం ఏమిటి?

కాలేది పిన్‌ను కాయడానికి పెట్టిన దారి. దాదాపు ప్రతి పిన్‌కూ చిప్ లోపల రెండు డయోడ్లుంటాయి. ఒకటి సప్లై వైపు, ఒకటి గ్రౌండ్ వైపు. వేలి కొస నుంచి దూకే స్టాటిక్ విద్యుత్తు లోపలి పల్చటి ఆక్సైడ్ పొరను చీల్చకుండా ఆపడం వాటి పని. చెరువుకు అలుగు లాంటివవి. వరద వచ్చిన పూట పారాలి తప్ప రోజూ దాన్నే కాలువగా వాడుకోకూడదు. పిన్ వోల్టేజ్ సప్లైని అర వోల్టుకు పైగా దాటిందంటే పై డయోడ్ తెరుచుకుంటుంది. 12 వోల్టుల బ్యాటరీ తీగ నేరుగా తగిలితే ఆ కరెంట్‌ను ఆపేది ఇంకేమీ ఉండదు. డయోడ్ పోతుంది, వెంట చిప్పూ పోవచ్చు. ఒక్కోసారి లాచప్ అనే స్థితి వచ్చి సప్లై, గ్రౌండ్ లోపలే కలిసిపోతాయి. పవర్ తీసేదాకా అది వదలదు.

అందుకే అనుభవజ్ఞులు బయటి తీగకూ పిన్‌కూ మధ్య వరుసలో ఒక రెసిస్టర్ పెడతారు. కారు ఇగ్నిషన్ తీగను 5 వోల్టుల చిప్‌తో చదవాలనుకుందాం. 12 వోల్టుల్లోంచి సప్లై 5, డయోడ్ 0.6 తీసేస్తే 6.4 మిగులుతాయి. 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉంటే పారేది 0.64 మిల్లీ ఆంపియర్లే. డేటాషీట్‌లో పిన్‌కు 40 మిల్లీ ఆంపియర్లని రాసి ఉందిగా అని ధైర్యపడవద్దు. ఈ డయోడ్లలో 1 మిల్లీ ఆంపియర్ మించనివ్వవద్దని ఆ చిప్ తయారుచేసిన ఆట్మెల్ సంస్థే చెప్పింది.

కారులో మాత్రం 12 ఎప్పుడూ 12గా ఉండదు. ఒక్క క్షణం 60 వోల్టులు దూకితే అదే 10 కిలో ఓమ్‌ల గుండా 5 మిల్లీ ఆంపియర్లకు పైనే పారుతుంది. అప్పుడు పిన్ దగ్గర సప్లైకీ గ్రౌండ్‌కూ బయటి షాట్కీ డయోడ్లు కలపాలి; బీఏటీ54ఎస్‌లో రెండూ ఒకే ముక్కలో దొరుకుతాయి. లోపలి డయోడ్ల కన్నా తక్కువ వోల్టేజ్‌కే తెరుచుకుంటాయి కాబట్టి బరువంతా దాదాపు అవే మోస్తాయి.

చాలామంది పట్టించుకోనిది ఇంకొకటి ఉంది, నా దృష్టిలో ఇదే అసలైన మెలకువ. డయోడ్ గుండా పోయిన కరెంట్ మాయమవదు, సప్లై లైన్‌లోకి చేరుతుంది. 7805 లాంటి రెగ్యులేటర్ కరెంట్ ఇవ్వగలదే గాని వెనక్కి తీసుకోలేదు. చిప్ నిద్రలో ఉండి మైక్రో ఆంపియర్లే వాడుతుంటే ఆ 0.64 మిల్లీ ఆంపియర్లే సప్లై వోల్టేజ్‌ను పైకి నెట్టేస్తుంది. బోర్డు ఆపేసి ఉన్నా పిన్ ద్వారా చిప్ సగం మేలుకుని పిచ్చిగా ప్రవర్తించవచ్చు. పెద్ద రెసిస్టర్ దీనికీ మందే, కానీ అనలాగ్ పిన్ దగ్గర జాగ్రత్త: వోల్టేజ్‌ను అంకెగా మార్చే ఏటీమెగా ఏడీసీ సిగ్నల్ దారిలో కోరుకునేది 10 కిలో ఓమ్‌లు లేదా అంతకన్నా తక్కువ.

కాలేజీ ప్రాజెక్టు చేసే పిల్లలకు ఒక మాట. బయటి తీగ ఏదైనా పిన్‌కు కలిపే ముందు డేటాషీట్‌లో అబ్సల్యూట్ మాక్సిమమ్ రేటింగ్స్ పట్టిక తెరవండి, ఎక్కువైన కరెంట్ ఏ దారిన ఎక్కడికి పోతుందో కాగితం మీద గీయండి, ఆ తర్వాతే సోల్డరింగ్ ఐరన్ పట్టండి.