విన్నవారి వంతు

దేవుడు తన్ను తాను మనుష్యులకు తెలియజేసుకోవడాన్ని క్రైస్తవ వేదాంతం ప్రత్యక్షత అంటుంది. సృష్టిలోనూ మనస్సాక్షిలోనూ అందరికీ స్ఫురించేది సాధారణ ప్రత్యక్షత. ఇశ్రాయేలు చరిత్రలో, ప్రవక్తల నోట, చివరకు యేసుక్రీస్తులో వెల్లడైనది ప్రత్యేక ప్రత్యక్షత. దేవుని వైపు నుంచి జరిగే ఈ కార్యాన్ని గురించి శతాబ్దాలుగా పండితులు విస్తారంగా రాశారు గాని, విన్న మనిషి ఆ తరువాత ఏం చేశాడు, ఎవరిని అడిగి చేశాడు, ఎంత కాలానికి చేశాడు అన్న విచారణకు దక్కిన చోటు తక్కువ. రెండవ వాటికన్ మహాసభ 1965 నవంబరు 18న వెలువరించిన ‘దేయీ వెర్బుం’ పత్రం ఈ ప్రత్యుత్తరాన్ని విశ్వాస విధేయత అని పేర్కొని, బుద్ధినీ ఇచ్ఛనూ కలిపి మనిషి స్వేచ్ఛగా తన్ను దేవునికి అప్పగించుకోవడంగా దాన్ని వివరించింది. లూథరు నాటి నుంచి ప్రొటెస్టంటు సంప్రదాయం వాగ్దానం మీద పెట్టుకునే భరోసాకు పెద్దపీట వేసింది. ఏ వైపు నుంచి చూసినా ఇది ఒక్క గడియలో ముగిసే అనుభవంగా కాక, చాలాకాలం నేర్చుకుని అలవరచుకునే సాధనగానే కనిపిస్తుంది.

బైబిలు ఈ విషయాన్ని దాచలేదు. షిలోహు మందిరంలో పడుకున్న బాలుడైన సమూయేలు, తన్ను పిలుస్తున్నది ఎవరో తెలియక మూడుసార్లు వృద్ధ యాజకుడైన ఏలీ దగ్గరికి పరుగెత్తుతాడు. ఆ పిలుపు ఎక్కడిదో మొదట గ్రహించినది చూపు మందగించిన ఏలీయే, విన్నది మాత్రం సమూయేలు. నీనెవెకు వెళ్లమన్న మాట విని యోనా ఓడెక్కి ఎదురు దిక్కుకు పారిపోతాడు. దూత తెచ్చిన వర్తమానానికి మరియ సమ్మతించే ముందు ఇది ఎలా జరుగుతుందని ప్రశ్నిస్తుంది. పౌలు బోధ విన్న బెరయ వారు అతడు చెప్పినది నిజమా కాదా అని ప్రతిదినం లేఖనాలు తిరగేసి చూసుకున్నారు. అపొస్తలుల కార్యముల గ్రంథం అందుకు వారిని తప్పుపట్టకపోగా మెచ్చుకుంది. సందేహం, పలాయనం, ప్రశ్న, పరిశీలన అన్నీ ప్రత్యుత్తరంలోని భాగాలేనని ఒప్పుకున్నప్పుడే ఛత్తీస్‌గఢ్ మైదానంలో సువార్త విన్నవారి చరిత్ర సరిగా అర్థమవుతుంది.

రాయపూర్‌కు ఈశాన్యంగా, నేటి బలౌదా బజార్ జిల్లాలో ఉన్న గిరౌద్‌పురిలో 1756లో జన్మించినట్లు సంప్రదాయం చెప్పే గురు ఘాసీదాస్, సోనాఖాన్ అడవుల్లో తపస్సు చేసి తిరిగివచ్చి, రూపం లేని సత్యనామాన్ని, అంటే సత్‌నామ్‌ను, మాత్రమే కొలవాలని బోధించాడు. విగ్రహాలు వద్దని, మాంసమూ మద్యమూ ముట్టవద్దని, మనుష్యులందరూ సమానులేనని ఆయన చెప్పిన మాటల చుట్టూ, అంటరానివారుగా బతుకుతున్న చమార్ రైతుకూలీలు ప్రధానంగా ఒక పంథ్‌గా కూడి సత్నామీలు అనిపించుకున్నారు. ఆయన మరణించిన కొన్నేళ్లకు, 1868లో, అమెరికాలో స్థిరపడిన జర్మన్ వలసదారుల మిషనరీ సంఘం తరఫున ఆస్కార్ లోర్ రాయపూర్ చేరుకున్నాడు. విగ్రహాలను విడిచి ఒక్క నిజమైన నామాన్ని స్మరించే జనం పెద్ద సంఖ్యలో ఉన్నారని విన్న అతడు, వీరు సువార్తకు సగం దారి నడిచి వచ్చినవారేనని తలచి, సమాజమంతా ఒక్కసారిగా క్రీస్తు వైపు మళ్లుతుందని ఆశించాడు. బంజరు భూమి సుమారు 1,500 ఎకరాలు తీసుకుని, విశ్రాంతి స్థలమనే అర్థంతో బిశ్రాంపూర్ అనే గ్రామాన్ని కట్టించాడు. 1870లో మొదటి బాప్తిస్మాలు జరిగాయి గాని, ఆశించిన ప్రభంజనం రాలేదు. అన్న తరువాత తమ్ముడు, ఆడపడుచు తరువాత ఆమె అత్తింటివారు, ఇలా చుట్టరికపు దారుల వెంట సంఘం ఏళ్ల తరబడి మెల్లగా పెరిగింది.

ఆ మెల్లదనాన్ని వైఫల్యమని రాయడం తొందరపాటు. క్రైస్తవులైన సత్నామీలు తమ రాకను తమదైన రీతిలో చెప్పుకున్నారు: టోపీ పెట్టుకున్న తెల్లవాడొకడు పుస్తకం పట్టుకుని వస్తాడని, అతని మాట వినమని ఘాసీదాస్ ముందే చెప్పి ఉన్నాడన్నది వారి కథనం. సత్నామీలుగానే నిలిచినవారికి ఈ కథ సమ్మతం కాదు, వారి అభ్యంతరం న్యాయమైనదే, ఎందుకంటే తమ గురువును మరొక మతానికి దారిచూపేవాడుగా మాత్రమే నిలబెట్టడాన్ని ఎవరూ సహించరు. అయినా మతం మారినవారి వైపు నుంచి ఆలోచిస్తే, కొత్తగా విన్నదాన్ని తాతల నాటి నుంచి విన్నదాని పక్కన పెట్టి, రెండూ ఒకే గొంతా కాదా అని పోల్చిచూసుకున్న శ్రద్ధ అందులో ఉంది. తమ గురువును తృణీకరించి క్రీస్తును అంగీకరించడం వారికి కృతఘ్నతగా తోచి ఉంటుంది.

ఈ కథకు మరో ముఖం లేకపోలేదు. బిశ్రాంపూర్‌లో మిషనరీయే మాల్గుజారు, అంటే ప్రభుత్వానికి శిస్తు చెల్లించే బాధ్యతగల గ్రామ భూస్వామి; పొలం ఇచ్చేవాడూ, పని ఇచ్చేవాడూ, బోధించేవాడూ, తగవు తీర్చేవాడూ ఒక్కడే అయినచోట పూర్తి స్వేచ్ఛతో ప్రత్యుత్తరం ఇచ్చారని చెప్పడం కష్టం. అయితే ఆ నీడలో కూడా విశ్వాసులు తలూపుతూ కూర్చోలేదు. కలీసియా, అంటే స్థానిక సంఘం, అనుసరించవలసిన ప్రత్యేక నియమాలు 1890లో అచ్చయ్యాయి. పెళ్లి విషయంలో మిషనరీలకూ సంఘస్థులకూ మధ్య పేచీ ఎడతెగలేదు. భర్తను విడిచిన స్త్రీకి మరొక పురుషుడు గాజులు ఇచ్చి ఇంటికి తెచ్చుకునే చూడీ అనే మారుమనువు ఆ ప్రాంతపు అనేక కులాల్లో తప్పులేని ఆచారం; మిషనరీలకు అది వ్యభిచారం. సంఘం నుంచి వెలివేస్తామన్నా కొందరు క్రైస్తవులు చూడీ మానలేదు. దేవుని ఆజ్ఞ ఎక్కడ ముగుస్తుంది, ఐరోపావారి అలవాటు ఎక్కడ మొదలవుతుంది అనే ప్రశ్నను వేదాంత పరిభాష తెలియని ఆ రైతులు తమ కాపురాలతోనే లేవనెత్తారు.

లోర్ రాయపూర్ చేరిన దశాబ్దంలోనే తెలుగు నేల మీద మొదలైనదాన్ని దీని పక్కన పెట్టి చూడవచ్చు. కనిగిరి దగ్గరి తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య మాదిగ, తోళ్ల వ్యాపారి. క్రీస్తును గురించి వినకముందే రాజయోగ గురువుల శిష్యరికం చేసి, మనసు నిలిపి కూర్చోవడం నేర్చినవాడు. వ్యాపారం మీద ఉత్తర దిక్కుకు వెళ్లి సువార్త విని, ఊరికి వచ్చి తనకు తెలిసిన ధ్యాన మార్గంతోనే దాన్ని కొలిచిచూసుకుని, భార్య నాగమ్మతో కలిసి 1866లో బాప్తిస్మం పొందాడు. ఆ తరువాతే మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టాడు. పేరయ్య బోధ వల్ల చుట్టుపక్కల మాదిగ పల్లెలు కదిలాయి. 1876–78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకుని వేలమందికి పని కల్పించిన క్లౌ, అన్నం కోసం వస్తున్నారన్న నింద రాకూడదని, ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపివేశాడు. సహాయం ఆగిన తరువాత కూడా వచ్చినవారికే, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో, ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. పెద్ద సంఖ్య అందరికీ గుర్తుంటుంది. దానికి ముందు నెలల తరబడి నిరీక్షించిన ఆ నిగ్రహం అంతకంటె గొప్పది.

ఈ నిరీక్షణనే ఒక పద్ధతిగా దిద్దినవాడు ముంగమూరి దేవదాసు. రాజమండ్రిలో లూథరన్ సంఘ సేవలో ఉండగా 1938లో గాలిలో బంగారు అక్షరాలతో ‘బైబిలు మిషను’ అనే పేరు తనకు కనబడిందని ఆయన సాక్ష్యం. దాన్ని నమ్మినవారు ఆయనతో వేరుపడి ఆ పేరుతోనే సంఘమయ్యారు. వారు సన్నిధి అని పిలిచే సాధనలో విశ్వాసులు పాపాలు ఒప్పుకుని, తలంపులు నిలిపి, దేవుని కోసం మౌనంగా కనిపెడతారు. దర్శనంగానో స్వరంగానో అందినది వాక్యానికి సరిపడుతున్నదా అని చూసుకుంటారు. ఏది సత్యమో మనుష్యులతో వాదించే బదులు దేవుణ్ణే అడగమన్నది దేవదాసు బోధల్లో ముఖ్యమైనది. ఇటువంటి సాధనలో భ్రమకు చోటుంటుందన్న భయం అర్థం లేనిది కాదు. అందుకే ఒంటరిగా పొందినదాన్ని కూటంలో చెప్పి నలుగురి చేత సరిచూపించుకోవడం దానికి ప్రాణమైంది.

తిరిగి రాయపూర్ ప్రాంతానికి వస్తే, ప్రత్యుత్తరం అనే మాట ఇక్కడ న్యాయస్థానం వరకూ వెళ్లింది. మధ్యప్రదేశ్ 1968లో చేసిన ధర్మ స్వాతంత్ర్య చట్టం బలవంతం, మోసం, ప్రలోభాలతో మతం మార్చడాన్ని నిషేధించి, మతం మార్పించిన బోధకుడు జిల్లా మేజిస్ట్రేటుకు తెలియజేయాలని విధించింది. 2000లో ఏర్పడిన ఛత్తీస్‌గఢ్‌కు అదే వారసత్వంగా వచ్చింది. ఆ చట్టం కింద రెవరెండ్ స్టానిస్లాస్ అనే క్రైస్తవ బోధకుడి మీద విచారణకు అనుమతి ఇచ్చింది బలౌదా బజార్ సబ్ డివిజనల్ మేజిస్ట్రేటే. 1977 జనవరి 17న సుప్రీంకోర్టు, రాజ్యాంగంలోని 25వ అధికరణం కింద మతప్రచార హక్కు అంటే తన మత సిద్ధాంతాలను వివరించి వ్యాపింపజేసే హక్కేగాని మరొకరిని తన మతంలోకి మార్చే హక్కు కాదని, అలా మార్చబూనడం ఎదుటివారి అంతఃకరణ స్వేచ్ఛకు భంగమని తీర్పు చెప్పింది. ప్రత్యుత్తరం విన్నవారి సొత్తు అన్న భావన ఆ తీర్పులో ఉంది, సంఘం కూడా ఆ భావనను కాదనలేదు. అయితే ఆ వ్యాజ్యంలో వాదించినది బోధకుడూ ప్రభుత్వమూ. బోధ విన్నవారు ఏం విన్నారో, ఎందుకు సమ్మతించారో చెప్పే మాట ఆ తీర్పులో ఎక్కడా వినిపించదు.