పలకని సున్న

ఈసారి పత్రికకు ఏదైనా ఒక పుస్తకం చదివి దాని గురించి మంచీ చెడ్డా రాయమని మా తెలుగు అయ్యవారు చెప్పినారు. క్లాసులో అందరూ కథల పుస్తకాలు తీసుకున్నారు. నేను ఒక లెక్కల పాఠం తీసుకున్నాను. "లెక్కల పాఠానికి విమర్శ ఏముంటుంది పాపా? కూడితే వచ్చేది ఒకటే కదా!" అని మా నాయన నవ్వినాడు. ఉంటుంది అని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆ పాఠం మేము చదివే పుస్తకంలోది కాదు. బెంగళూరులో సెంట్రల్ సిలబస్ చదువుతున్న మా మేనమామ కూతురు దసరా సెలవులకు వచ్చినప్పుడు తన ఏడో తరగతి లెక్కల పుస్తకం తెచ్చింది. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లు 2025లో వేసిన 'గణిత ప్రకాశ్' అది. ఇంగ్లీషులో ఉంది. మొదటి పాఠం పెద్ద సంఖ్యల గురించి. మొదటి పేజీలోనే చింతామణి అని ఊరి పేరు కనిపించింది. మా ఊరి నుంచి బస్సెక్కితే గంటలో చింతామణి. అందుకే చదవడం మొదలుపెట్టినాను.

పాఠంలో ఈశ్వరప్ప అనే రైతు వరి విత్తనాల కోసం చింతామణి మార్కెట్టుకు పోతాడు. ఒకప్పుడు మన దేశంలో సుమారు లక్ష రకాల వరి ఉండేదని అక్కడ ఎవరో అనుకుంటుంటే వింటాడు. ఇంటికొచ్చి పిల్లలకు చెప్తాడు. రోజుకొక కొత్త రకం తింటూ పోతే నూరేళ్ల జీవితంలో లక్ష రకాలూ రుచి చూడగలమా అని పిల్లలకు సందేహం వస్తుంది.

నేను పుస్తకం మూసి ముందు ఊహించినాను. నూరేళ్లంటే చాలా ఎక్కువ కదా, సరిపోతుంది అనుకున్నాను. తర్వాత లెక్క వేసినాను. ఏడాదికి 365 రోజులు, నూరేళ్లకు 36,500. లక్షలో సగం కూడా కాదు! రోజుకు రెండు రకాలు తిన్నా 73,000. మూడు రకాలు తింటేనే 1,09,500 అయి లక్ష దాటుతుంది. లక్ష రోజులంటే సుమారు 274 ఏళ్లు. లక్ష పక్కన ఎన్ని సున్నలుంటాయో నాకు మూడో తరగతి నుంచే తెలుసు. లక్ష అంటే ఎంతో మాత్రం ఆరోజే తెలిసింది. ఈ పాఠంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. ముందు ఊహించమంటుంది, తర్వాత లెక్క చూసుకోమంటుంది. మనం చేసే అభ్యాసాల్లో ఊహించడానికి చోటే ఉండదు.

చింతామణి జనాభా లెక్క కూడా ఇచ్చినారు. 2011లో సుమారు 75,000, 2024కు అంచనా 1,06,000. మొదటిది లక్షకు ఎంత తక్కువ, రెండోది లక్షకు ఎంత ఎక్కువ, మొత్తం ఎంత పెరిగింది అని అడుగుతారు. 25,000 తక్కువ, 6,000 ఎక్కువ, పెరిగింది 31,000. కాగితం లేకుండానే చేయగలిగినాను, ఎందుకంటే లక్షను నడిమధ్య ఒక మైలురాయిలాగా పెట్టినారు.

ఇంక లోపాలు. మొదటిది చిన్నది. పాఠం చింతామణి దాకా వచ్చింది కానీ మా ఇళ్లలోకి రాలేదు. మా వైపు లక్షను చూడాలంటే పట్టుపురుగులు పెంచే ఇంటికి పోతే చాలు. ఒక్కొక్క తల్లి సీతాకోక పెట్టేది సుమారు 400 నుంచి 500 గుడ్లు. 200 తల్లుల గుడ్లు తెస్తే 80,000 నుంచి 1,00,000 పురుగులు. చివరి దశలో అవన్నీ ఒకేసారి మల్బరీ ఆకు తింటుంటే బయట వాన పడుతున్నట్టు చప్పుడు. మా పిన్నమ్మ వాళ్లింట్లో ఆ చప్పుడు ఎన్నిసార్లో విన్నాను. అది లక్ష చేసే చప్పుడని నాకెవరూ చెప్పలేదు, నేనూ అనుకోలేదు. దేశమంతా చదివే పుస్తకంలో మా పిన్నమ్మ ఇల్లు రాదు, ఆ సంగతి నాకూ తెలుసు. అది మన అయ్యవార్లు, మనం కలిసి చేర్చుకోవాల్సిన పేజీ.

రెండో లోపమే పెద్దది. ఆ పుస్తకంలోనూ ఉంది, మన అభ్యాసాల్లో ఇంకా ఎక్కువగా ఉంది. అది చెప్పాలంటే నేను చేసిన ఒక తప్పు చెప్పాలి.

మా అవ్వ ఊర్లో ఆడవాళ్ల సంఘంలో ఉంది. పోయిన సంక్రాంతికి ముందు సంఘం డబ్బు బ్యాంకులో కట్టే వంతు అవ్వది. అవ్వకు రాయడం రాదు, అందుకని నన్ను పిలుచుకుని పోయింది. "ఇరవై వేల యాభై రూపాయలు రాయి పాపా" అన్నది. ఆ యాభై ఎవరో ఆలస్యంగా కట్టినందుకు వేసిన జుల్మానా. చలానాలో అక్షరాల్లో రాసే చోట కన్నడలో 'ఇప్పత్తు సావిరద ఐవత్తు' అని సరిగ్గానే రాసినాను. అంకెల గడిలో 20,500 అని రాసినాను.

క్యాషియరు సారు డబ్బు లెక్కపెట్టి, చలానా చూసి, "ఏమ్మా, మాటల్లో ఒకటి, అంకెల్లో ఒకటి రాసినావే? ఏది తీసుకోవల్ల?" అన్నాడు. వెనక లైన్లో నిలబడినవాళ్లంతా నా వైపే చూసినారు. కొత్త చలానా రాసి ఇచ్చినాను. తేడా 450 రూపాయలు. క్యాషియరు చూడకుండా ఉంటే, చలానా ముక్క సంఘంలో చూపించినప్పుడు లెక్క కుదిరేది కాదు. నలుగురిలో మాట పడేది మా అవ్వ, నేను కాదు. బస్సులో అవ్వ ఒక్క మాటే అన్నది. "అన్నన్ని మార్కులు తెచ్చుకుంటావు, యాభైకీ ఐదు నూర్లకూ తేడా తెలీలేదా?"

స్థాన విలువల పరీక్షలో నాకు 25కు 24 వచ్చినాయి. మరి ఈ తప్పు ఎందుకు జరిగింది? చాలా రోజులు ఆలోచించినాను. 'ఇరవై వేల' అనగానే 20 రాసి కామా పెట్టినాను. 'యాభై' అనగానే 50 రాసినాను. కామా తర్వాత మూడు అంకెలు ఉండాలని నాకు బాగా తెలుసు, ఒకటి తక్కువైంది. ఒక సున్న పడేసినాను, కుడి పక్కన. అది కూర్చోవాల్సింది ఐదుకు ఎడమ పక్కన. వందల చోటు ఖాళీగా ఉందని అవ్వ నోటితో చెప్పలేదు. ఎవరూ చెప్పరు. మనం మాట్లాడేటప్పుడు సున్న పలకదు. 'ఇరవై వేల సున్న వందల యాభై' అని ఏ అంగట్లోనూ వినపడదు. చోటు పేరు చెప్పే పని మాటల్లో 'వేలు', 'వందలు' చేస్తాయి, అంకెల్లో ఆ పని సున్న చేయాలి. చెవి నుంచి చేతికి వచ్చే దారిలో సున్న పడిపోతుంది.

ఇప్పుడు మన అభ్యాసాలు చూడండి. 'కింది సంఖ్యలకు కామాలు పెట్టుము', 'గీత గీసిన అంెకె స్థాన విలువ రాయుము', 'విస్తరణ రూపంలో రాయుము'. వీటన్నిటిలో సంఖ్య ముందే అచ్చయి ఉంటుంది. సున్నలన్నీ ఎవరో ముందే సరైన చోట కూర్చోబెట్టినారు. మనం కుడి నుంచి లెక్కపెట్టి గీత గీస్తే చాలు. ఇలాంటివి ఇరవై చేసినా సున్నను కూర్చోబెట్టే పని ఒక్కసారి కూడా మన చేతికి రాదు. 'గణిత ప్రకాశ్'లో అక్షరాల్లో ఇచ్చిన సంఖ్యలను అంకెల్లో రాయమనే లెక్కలున్నాయి, అవి మంచివే. కానీ అవి చూసి రాసేవి. మళ్లీ మళ్లీ వెనక్కి చూసుకోవచ్చు. బ్యాంకులోనూ మండీలోనూ సంఖ్య ఒక్కసారే చెవిన పడుతుంది.

మా బెంచీలో నలుగురం ఒక ఆట ఆడి చూసినాం. ఒకరు చదవాలి, మిగతావాళ్లు చూడకుండా రాయాలి. 'ఏడు లక్షల నాలుగు వందల మూడు' అన్నాను. ముగ్గురూ మూడు రకాలుగా రాసినారు. ఒకరిది 7,403. ఒకరిది 7,04,003. ఒక్కరిదే 7,00,403. పెళ్లి చదివింపుల్లో వినపడే 'పదివేల నూట పదహార్లు' అంటే కూడా ఒకరు విన్నది విన్నట్టే వరసగా పెట్టి 10000116 అని రాసినారు. అందరం నవ్వినాం, నేను కొంచెం తక్కువ నవ్వినాను.

ఆ పుస్తకంలో ఇంకొక ఆట ఉంది. ఒకటి, పది, నూరు, వేయి ఇలా కలిపే బటన్లు మాత్రమే ఉన్న కాలిక్యులేటరు. ఒక సంఖ్య రావాలంటే అన్నిటికంటే తక్కువసార్లు ఎలా నొక్కాలి అని అడుగుతారు. అంకెలన్నీ కూడితే ఎంతో అన్నిసార్లు నొక్కాలి. ఆట బాగుంది. దాన్ని నా తప్పు మీద వేసి చూసినాను. 20,050కి పదివేల బటన్ రెండుసార్లు, పది బటన్ ఐదుసార్లు, మొత్తం ఏడు. 20,500కి పదివేల బటన్ రెండుసార్లు, నూరు బటన్ ఐదుసార్లు. మళ్లీ ఏడే! ఎన్నిసార్లు నొక్కినామన్నది నా తప్పును పట్టుకోలేదు. ఏ బటన్ నొక్కినాం, ఏది ముట్టుకోకుండా వదిలేసినాం అన్నదే స్థాన విలువ. పాఠం ఆ వదిలేసిన బటన్ గురించి ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే నాకు బ్యాంకుకు పోకముందే తెలిసేది.

మరి ఏం చేయాలి? ఒక దారి మన పాతవాళ్ల దగ్గరే ఉంది. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో, ఈ కన్నడ దేశంలోనే మహావీరాచార్యుడు 'గణితసారసంగ్రహం' రాసినాడు. అందులో 24 స్థానాలకు పేర్లు చెప్పినాడు. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన దాన్ని తెలుగులోకి తెచ్చినాడు. ఏకం, దశం, శతం, సహస్రం అని మన తాతలు వల్లె వేసింది ఈ స్థానాల పేర్లనే. 20,050ని అలా కుడి నుంచి చదవండి. ఏకం సున్న, దశం ఐదు, శతం సున్న, సహస్రం సున్న, దశసహస్రం రెండు. ఇప్పుడు సున్న కూడా పలికింది! అంగట్లో ఇలా మాట్లాడలేం. రాసినాక సరిచూసుకోవడానికి మాత్రం ఇంతకంటే సులువు లేదు.

రెండో దారి కామా. మనకు కామా ఎక్కడ పడుతుందో అక్కడ నోటితో ఒక మాట అంటాం. కోట్ల తర్వాత, లక్షల తర్వాత, వేల తర్వాత. అందుకని 'వేల' అని వినగానే కామా పెట్టి, దాని తర్వాత మూడు గడులు గీయాలి. 'లక్షల' అని వింటే కామా పెట్టి, వేలకు రెండు గడులు, చివరికి మూడు గడులు. తర్వాత విన్నదాన్ని కుడి నుంచి నింపుకుంటూ రావాలి. మిగిలిన గడుల్లో సున్న. ఇంగ్లీషు లెక్కలో థౌజండ్, మిలియన్ అని మూడు మూడు చోట్లకు మాట మారుతుంది కాబట్టి అదే 7,00,403 అక్కడ 700,403 అవుతుంది. అంకెలు కదలవు, కామా ఒక్కటే కదులుతుంది. పదో తరగతి తర్వాత ఇంగ్లీషు మీడియంకు పోయేవాళ్లకు ఇది కూడా పనికొస్తుంది.

మా లెక్కల టీచరుకు ఇది చెప్తే, "సిలబస్ అయ్యేసరికే టైం చాలదు, అయినా వారానికి ఐదు నిమిషాలు ఇస్తాను" అన్నారు. ఇప్పుడు శుక్రవారం చివరి ఐదు నిమిషాలు విని రాసే లెక్కలు. తెలుగులో కొన్ని, కన్నడలో కొన్ని, ఇంగ్లీషులో కొన్ని. ఇంట్లో పెద్దవాళ్లు కూడా కరెంటు బిల్లో, మండీ చీటీయో పట్టుకుని పైకి చదివి పిల్లల చేత రాయించవచ్చు. దానికి పుస్తకం అక్కర్లేదు, చదువు కూడా అక్కర్లేదు.

చెక్కు మీద మాటల్లో ఒకటి, అంకెల్లో ఒకటి ఉంటే మాటల్లో రాసిందే లెక్కలోకి వస్తుందని 1881 నాటి చట్టం చెప్తుందట. మా సోషల్ సారు చెప్పినారు. విన్నాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది, నా మాటలు సరిగ్గానే ఉన్నాయి కదా అని. అవ్వతో అంటే, "చట్టం సరే, ఈసారి అంకెలు కూడా సరిగ్గా రాయి" అన్నది. వచ్చే నెల మళ్లీ అవ్వ వంతు. నన్నే రమ్మన్నది.