ముందు సీటా, వెనక సీటా

మన దేశంలో అమ్ముడుపోయే ప్రతి మోటార్‌సైకిలూ ఇంటావిడ కోసం కొంత మారే షోరూం దాటుతుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చూడండి. వెనక కూర్చునే మనిషి పట్టుకోవడానికి పిడి ఉండాలి, కాళ్లకు ఆనిక ఉండాలి, బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రంలో కనీసం సగం కప్పి ఉండాలి. మనం శారీ గార్డ్ అంటున్నది దాన్నే. ధర్మవరం పట్టుచీర కట్టుకుని పెళ్లికి బయల్దేరిన మనిషి కొంగును కాపాడేది ఆ నాలుగు కడ్డీలు. మంచి ఏర్పాటే, కాదనను. కానీ ఆమె వెనకే కూర్చుంటుందని కంపెనీ, ప్రభుత్వం, మొగుడు ముగ్గురూ ముందే ఒక మాట మీదికి వచ్చేశారని కూడా ఆ కడ్డీలే చెబుతాయి.

ఇక్కడ పక్కపక్కన పెట్టి చూడదలచుకున్న బండ్లు రెండు. ఒకటి, అమెరికా, కెనడాల్లో దూరప్రయాణాల మోటార్‌సైకిల్ వెనక భాగం విప్పేసి రెండు చక్రాలు బిగించి చేసే ట్రైక్. రెండోది, పుట్టపర్తి, హిందూపురం, ధర్మవరం వీధుల్లో కనబడే సైడ్ వీల్స్ స్కూటరు. బరువులో గానీ ధరలో గానీ వీటికి పొంతనే లేదు. హోండా గోల్డ్‌వింగ్ ఇంజను 1800 సీసీ పైమాటే, ఆరు సిలిండర్లు. మన స్కూటరుది మహా అయితే 125. అయినా రెండూ ఒకే ఇబ్బందిలోంచి పుట్టాయి: రెండు చక్రాల బండిని కాళ్లతో ఆపి నిలబెట్టడం ఇంట్లో ఒకరికి చేతకాదు. ఆ ఒకరు భార్య అయినప్పుడు, ‘ఆమె కోసం’ అంటూ చేసిన మార్పులో ఆమెకు దక్కిందేమిటి? నేను పోల్చి చూసేది అదొక్కటే.

మూడు చక్రాల మోటార్‌సైకిల్ పాత సంగతే. హార్లీ-డేవిడ్‌సన్ 1932 నుంచి 1973 దాకా సర్వీ-కార్ పేరుతో ఒకటి తయారు చేసింది. గ్యారేజీలకూ పోలీసులకూ పనికొచ్చిన బండి అది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సైన్యం వదిలించుకున్న మోటార్‌సైకిళ్లకు వెనక సీట్ల తొట్టి కట్టి ఢిల్లీ చాందినీ చౌక్‌లో ఫట్‌ఫటీలుగా తిప్పారు. వీటిలో దేనికీ సంసారంతో సంబంధం లేదు. సంసారం తోడైంది 1980లలో. కెనడాలోని అల్బర్టాలో జాన్ లేమన్ అనే ఆయన తన భార్య లిండా నడుపుకోవడానికని ఒక మోటార్‌సైకిల్‌ను ట్రైక్‌గా మార్చాడు. 1985 నాటికి అదే కంపెనీ అయింది. హార్లీ 2009 మోడల్‌గా ట్రై గ్లైడ్ తెచ్చినప్పుడు మొదట్లో దాని తయారీలో చేయి కలిపిందీ లేమన్ కంపెనీయే.

లిండా నడుపుకోవడానికి అన్న సంగతి గుర్తుంచుకోండి, ఎందుకంటే వ్యాపారం పెరిగాక ఆ బండి పొందిక మరోలా కనిపిస్తుంది. వెనక సీటుకు వీపు ఆనిక, చేతులకు ఆనిక, పక్కన స్పీకర్లు, కింద కాళ్లు పూర్తిగా మోపుకునే పలక. రోజుకు ఐదారొందల కిలోమీటర్లు పోయినా నడుము పట్టని ఏర్పాటు. ఆమెను మహారాణిలా కూర్చోబెట్టారు, వెనక. పైగా ‘మా ఆవిడ కోసం మార్పించాను’ అనే పెద్దమనుషుల్లో కొందరి విషయంలో అసలు మోకాళ్లు ఎవరివో అడగాలనిపిస్తుంది. నాలుగొందల కిలోల దాపు బండిని సిగ్నల్ దగ్గర ఒక కాలు మీద కాసే ఓపిక అరవై దాటిన ఏ మగవాడికి ఉంటుంది? భార్య పేరు చెబితే పరువు దక్కుతుంది.

అయితే ఆ ట్రైక్ పనితనాన్ని తక్కువ చేసి మాట్లాడలేం. వెనక చక్రంతో పాటు అది బిగిసి ఉన్న స్వింగ్ ఆర్మ్ కూడా తీసేస్తారు. ఇంజను నుంచి వచ్చే షాఫ్టును డిఫరెన్షియల్‌కు కలుపుతారు, దాంతో మలుపులో బయటి చక్రం ఎక్కువ, లోపలి చక్రం తక్కువ తిరుగుతాయి. మంచి కిట్లలో రెండు వెనక చక్రాలకూ వేర్వేరు సస్పెన్షన్ ఉంటుంది. ముందు వైపు మార్పు చూపుకు ఆనదు గానీ ముఖ్యమైంది. రెండు చక్రాల బండి మలుపులో వాలుతుంది, ట్రైక్ వాలదు. వాలని బండిని చేతుల బలంతోనే తిప్పాలి, అందుకే ఫోర్కు కోణం మార్చే భాగాలు వేసి హ్యాండిల్ బరువు తగ్గిస్తారు. ముప్ఫై ఏళ్లు మోటార్‌సైకిల్ తోలినవాడు కూడా ట్రైక్ ఎక్కితే మొదటి మలుపులో తడబడతాడు. ఒళ్లు లోపలికి వాలుతుంది, బండి మాత్రం బయటికి లాగుతుంది.

ఇక మన వైపు. సైడ్ వీల్స్ పనిలో స్కూటరు నుంచి ఏదీ తీసేయరు. వెనక చక్రం, దాని ఇంజను, దాని బ్రేకు ఎక్కడివక్కడే. పక్క మూతలు విప్పి, ఛాసిస్‌కు అడ్డంగా ఇనప పైపు వేసి, యూ క్లాంపులతో బిగించి, దాని రెండు కొసలకూ స్ప్రింగులతో చెరొక చక్రం తగిలిస్తారు. పైన మడ్‌గార్డులు. కుడి పక్కనో ఎడమ పక్కనో చంకకర్ర గుచ్చుకునే క్లిప్పు. లెక్క పెడితే నాలుగు చక్రాలు, అయినా అందరికీ అది మూడు చక్రాల బండే. ఈ పనికి గేర్లు లేని స్కూటరు అచ్చంగా సరిపోయింది. క్లచ్ లేదు, కాలి బ్రేకు లేదు, అంతా చేతుల్లోనే. 2019 ఏప్రిల్ నుంచి చిన్న బండ్లకు కూడా కాంబీ బ్రేకు గానీ ఏబీఎస్ గానీ తప్పనిసరి అయ్యాక, కాంబీ ఉన్న స్కూటరుకు ఎడమ చేతి మీట ఒకటి నొక్కితే ముందు చక్రానికీ వెనక చక్రానికీ బ్రేకు పడుతోంది. కంపెనీలు భద్రత కోసం తెచ్చిన మార్పు కాళ్లు పనిచెయ్యని మనిషికి ఇంకో రకంగా కలిసొచ్చింది.

ఈ స్కూటర్లను మన ఊళ్లకు అలవాటు చేసింది పోలియో తరం. దేశంలో సహజంగా సోకిన ఆఖరి పోలియో కేసు 2011 జనవరిలో హౌరాలో నమోదైంది. అంతకు ముందు తరాల్లో కాలు సన్నబడిన పిల్లలు లేని ఊరు మన దగ్గర అరుదు. వాళ్లు పెరిగి, ఉద్యోగాలకూ అంగళ్లకూ పోవలసి వచ్చినప్పుడు దారి చూపింది వెల్డింగ్ షెడ్డు. పెనుకొండ మండలం ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి, ఏడాదికి మూడు లక్షలకు పైగా చెయ్యగల ఫ్యాక్టరీ. అదే జిల్లాలో దివ్యాంగుల స్కూటరు ఇప్పటికీ చెట్టు కింద కొలత తీసి చేసేదే. ఇది కియా తప్పు కాదు, ఆ కంపెనీ స్కూటర్లు చెయ్యదు. జిల్లాలో నైపుణ్యం ఎటు పోయిందో, అవసరం ఎటు మిగిలిందో చెబుతున్నా.

ఈ స్కూటరు లోపాలూ చెప్పాలి. స్ప్రింగులు గట్టిగా ఉంటే, రెండు పక్క చక్రాలూ మిట్ట మీదికెక్కి మధ్యలో పల్లం వచ్చినప్పుడు అసలు చక్రం గాల్లో తిరుగుతుంది, బండి కదలదు. ట్రాక్టర్లు తొక్కిన మట్టిరోడ్డు మీద ఇది రోజూ ఉండే బాధ. మెత్తగా ఉంటే మలుపులో ఒక పక్కకు ఒరిగిపోతుంది. రెండు చక్రాల బండి గుంతను తప్పించుకుని సందులోంచి జారిపోతుంది. పక్క చక్రాల బండికి మూడు జాడలు, ఒకటి తప్పించుకుంటే ఇంకోటి పడుతుంది. ఈ చివరి కష్టం గోల్డ్‌వింగ్ ట్రైక్‌కూ ఉంది, కాకపోతే దాని రోడ్లు వేరు. నలభై నాలుగో జాతీయ రహదారి మీద అది హాయిగా పోతుంది, దిగి కొత్తచెరువు దాటి పల్లె దారి పట్టిందంటే తెలుస్తుంది.

వెడల్పు ఇంకో తంటా. ట్రై గ్లైడ్ దాదాపు నాలుగున్నర అడుగులు. సైడ్ వీల్స్ స్కూటరు అంతకన్నా చాలా తక్కువే, కానీ ధర్మవరం మగ్గాల ఇళ్ల గుమ్మానికి అదీ ఎక్కువే. మార్చకముందు స్కూటరు రాత్రి పూట గడప పక్కన సిమెంటు వాలు మీదుగా ఇంట్లోకి వచ్చి మంచం పక్కనే ఉండేది. మార్చాక వీధిలో నిద్రపోతుంది. అంటే చంకకర్రతో గడప దాటి, మెట్టు దిగి, వానలో బండి దాకా నడవాల్సింది దాన్ని తోలే ఆవిడే. బండిని మార్చినవాళ్లు ఇంటిని మార్చడం మర్చిపోతారు.

ఇన్ని లోపాలున్నా, ఆమెకు దక్కిందేమిటన్న లెక్కలో నేను స్కూటరు వైపే మొగ్గుతాను. దాని హ్యాండిల్ దివ్యాంగురాలి చేతికిచ్చే ఉద్దేశంతోనే షెడ్డులోంచి బయటికొస్తుంది. హిందూపురంలో ఒక షెడ్డు దగ్గర భార్య కోసం కొత్తగా బిగించిన బండిని మొగుడు వీధి చివరి దాకా నడిపి చూసి దిగలేదు. ఆమె కర్ర క్లిప్పులో గుచ్చి, ‘మామా, నువ్వు ఎనక కూచో, నేను తోల్తా’ అంది. మెకానిక్ ఒక్కటే చెప్పాడు: ‘అక్కా, మలుపులో బ్రేకు పట్టాకు, ముందే నిదానం చెయ్యి.’ మొగుడు వెనక కూర్చున్నాడు. కాళ్లు ఎక్కడ పెట్టాలో తెలియక పక్క చక్రాల మడ్‌గార్డుల మీద పెట్టబోయి తిట్లు తిన్నాడు. శారీ గార్డ్ తప్పనిసరి చేసిన దేశంలో వెనక కూర్చునే మగవాడికి చోటు ఆలోచించినవాడు లేడు.

పుట్టపర్తికి చక్రాల కుర్చీ కొత్త కాదు. సత్యసాయిబాబా చివరి ఏళ్లలో చక్రాల కుర్చీలోనే దర్శనమిచ్చారు. 1991లో మొదలైన సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికీ, ప్రశాంతి నిలయానికీ కుర్చీల్లో వచ్చేవాళ్లను తోసే చేతులు ఎప్పుడూ ఉంటాయి. సేవ అన్నది ఆ ఊరికి ఊపిరి. కానీ తోసే మనిషి ఉంటేనే కదిలే కుర్చీ, మొగుడు ఉంటేనే కదిలే గోల్డ్‌వింగ్, ఈ రెండూ ఒక కోవలోకే వస్తాయి. ఐఐటీ మద్రాసులో మొదలైన నియోమోషన్ సంస్థ తెచ్చిన నియోబోల్ట్ దీనికి మరో జవాబు. చక్రాల కుర్చీ ముందు మోటారు చక్రాన్ని తగిలిస్తే కుర్చీయే మూడు చక్రాల బండి అవుతుంది, దిగి ఎక్కే పని లేదు. వేగం తక్కువ, కాకపోతే గడప దగ్గర గొడవ తగ్గుతుంది.

చట్టం ఈ రెండు బండ్లనూ ఒకే చూపుతో చూడదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చనివ్వదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. శారీరక లోపం ఉన్న మనిషి కోసం మార్చుకోవడానికి మాత్రం దారి ఉంది. అలాంటి బండిని ఆ వ్యక్తి గానీ, ఆ వ్యక్తి కోసం గానీ మాత్రమే వాడాలంటుంది అదే ఏడాది సవరణలోని నిర్వచనం. అంటే భర్త తోలి భార్యను తిప్పడానికీ అందులో చోటుంది. రాష్ట్ర ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మోటారు మూడు చక్రాల బండ్ల పథకం అలా వదిలిపెట్టలేదు. నియోజకవర్గానికి పది, వైకల్యం 70 శాతం పైన, వయసు 18 నుంచి 45, తోలే మనిషికే లైసెన్సు. హ్యాండిల్ విషయంలో పథకం చట్టం కంటే ఒక అడుగు ముందుంది. వయసు విషయంలో మాత్రం పోలియో తరాన్ని గుమ్మం బయటే నిలబెట్టింది. వాళ్లలో చాలామంది ఆ వయసు దాటారు, ఇక బండి అవసరం పెరిగేదే గానీ తగ్గేది కాదు.

ట్రైక్ ఇంత గొప్పగా నడిచిన దేశాల్లో దాన్ని కొంటున్నవాళ్లలో చాలామంది దగ్గర వైకల్య ధ్రువపత్రం ఉండదు. వాళ్లవి అరిగిన మోకాళ్లు, అంతే. మన దగ్గర ముప్ఫై ఏళ్లు గుంత మగ్గంలో కాళ్లు దించి తొక్కిన నేత మనిషికీ, ఆయన పక్కన కండెలు చుట్టిన ఆమెకూ మోకాళ్లు అలాగే అరుగుతాయి. ధ్రువపత్రం లేదు కాబట్టి పథకం రాదు, మార్పించుకుంటే ఆర్టీఓ ఒప్పుకోడు. ఆమె అవసరం నూటికి నూరుపాళ్లూ లేమన్ మార్చిన ఆ మొదటి బండి లాంటిదే, ఆమె చేరవలసింది మాత్రం శారీ గార్డ్ దగ్గరికి. ఈ ఖాళీని ఏ వెల్డింగ్ షెడ్డూ పూడ్చలేదు.

పెద్ద ట్రైక్ నుంచి మన షెడ్డు నేర్చుకోవాల్సింది ఒకటుంది, అది రివర్స్. కాళ్లతో నేలను తన్ని వెనక్కి జరపలేని మనిషికి ముందుకు మాత్రమే పోయే బండి ఇచ్చి, అంగడి ముందు ముక్కు గోడకు ఆనించి నిలిపితే, వెనక్కి లాగడానికి దారిన పోయేవాణ్ని ‘అన్నా, ఒక చెయ్యి’ అని పిలవాలి. గోల్డ్‌వింగ్‌కు ట్రైక్ కాకముందే రివర్స్ ఉంది. పెట్రోలు స్కూటరుకు దాన్ని అమర్చడం షెడ్డుకు తేలిక కాదు, చేసినా నమ్మలేం. ఇప్పుడొచ్చే కరెంటు స్కూటర్లలో కొన్నింటికి రివర్స్ బటన్ కంపెనీయే ఇస్తోంది. సైడ్ వీల్స్ బిగించాక ఆ మోటారు రెండు అదనపు చక్రాల బరువును మిట్ట మీద వెనక్కి లాగగలదా, ఛార్జింగ్ ఎంత తింటుంది, పైపు బిగించే చోట బ్యాటరీ పెట్టె అడ్డొస్తుందా? హిందూపురం షెడ్డువాళ్లు ఇప్పుడు తేల్చుకోవాల్సిన లెక్కలు ఇవి.