గురువారం గది

జూన్, జూలై వచ్చాయంటే మా అయిజలో రెండు పనులు ఒక్కసారే మీద పడతాయి. చేలల్లో సీడు పత్తి, ఇళ్లల్లో పిల్లల అడ్మిషన్లు. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక ఒక తల్లి నన్ను పక్కకు పిలిచింది. కూతురికి హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. "ఫీజు సంగతి వాళ్ల నాయన చూసుకుంటడు అన్నా. హాస్టలు గూడ ఎట్లనో దొరుకుతది. పిల్ల ఆడ మందిరానికి పోతదో లేదో, అదే నా రంధి" అంది.

ముప్పై ఏళ్ల కిందట ఉస్మానియాలో సీటొచ్చి నేను ఎర్రబస్సెక్కిన రోజు మా అమ్మ రంధీ ఇదే. నా రేకుపెట్టెలో బట్టల కింద బైబిలూ, నాయన వాడిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమూ పెట్టింది. మూడు నెలల పాటు ఆ రెండూ అక్కడే ఉన్నాయి.

నన్ను ఎవరూ ఆపలేదు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే యూనివర్సిటీ అనగానే అక్కడ నాస్తికులుంటారు, పిల్లల మనసు విరిచేస్తారు అని మన సంఘాల్లో ఒక భయం ఉంది. నాకు అలాంటిదేమీ జరగలేదు. జరిగింది ఒక్కటే, అడిగేవాళ్లు లేకపోవడం. అయిజలో ఒక్క ఆదివారం మందిరంలో కనబడకపోతే సోమవారం పొద్దున్నే అయ్యగారు అడుగుతారు, బోరింగు దగ్గర చిన్నమ్మ అడుగుతుంది, "నిన్న రాలేదేం రా?" అని. ఆ ప్రశ్న మీదే నా భక్తి నడుస్తోందని నాకు అప్పటిదాకా తెలియదు. హాస్టల్లో ఆదివారం అంటే బట్టలు ఉతుక్కునే రోజు, మెస్‌లో కోడికూర వండే రోజు. మూడు నెలల్లో ప్రార్థన మానేశాను. మానేశానన్న సంగతి కూడా గమనించలేదు.

ఆ ఉతికే రాయి దగ్గరే మళ్లీ మొదలైంది. ఏదో కీర్తన నోట్లో ఆడుతోంది, నాకే తెలియకుండా. పక్క నల్లా దగ్గర బకెట్టు నింపుకుంటున్న సీనియర్ ఆగి, "ఏ ఊరు తమ్మీ?" అన్నాడు. ఆయనది వనపర్తి వైపు పల్లె. "గురువారం సాయంత్రం మా రూముకు రా. చాయ్ తాగుదాం" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

ఆ గది నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది. గుమ్మం బయట ఆరు జతల చెప్పులు. ఇద్దరు మంచం మీద, నలుగురు కింద చాప మీద. పక్క గదిలో చదువుకునేవాళ్లకు ఇబ్బంది కాకుండా గొంతు తగ్గించి ఒక పాట. తర్వాత మార్కు సువార్త రెండో అధ్యాయం, పక్షవాతం వచ్చినవాణ్ని నలుగురు మోసుకొచ్చి, గుంపులో దారి దొరక్క ఇంటికప్పు విప్పి దించిన ఘట్టం. ప్రసంగం లేదు. వంతులవారీగా చదివారు. ఇక్కడేం కనబడుతోంది, అప్పటివాళ్లకు దాని అర్థమేమిటి, ఇప్పుడు మనమేం చేయాలి అని ప్రశ్నలు. ఆ సీనియర్ నా వైపు తిరిగి, "యేసు ఇక్కడ ఎవరి విశ్వాసం చూసిండు తమ్మీ, పడుకున్నోనిదా, మోసుకొచ్చినోళ్లదా?" అన్నాడు. పద్దెనిమిదేళ్లుగా ఆదివారం ఆదివారం వాక్యం విన్నాను కానీ, నీకేమనిపిస్తోందని నన్నెవరూ అడగలేదు. నాకు జవాబు రాలేదు. ఆ రాత్రి పెట్టె అడుగు నుంచి బైబిలు తీశాను.

చివర్లో ఒక నోటుబుక్కు తీసేవారు. అట్ట చిరిగితే పాత క్యాలెండరు కాగితం వేసి కుట్టారు. ఎడమవైపు తేదీ, పేరు, ప్రార్థనాంశం. స్కాలర్‌షిప్ రాలేదు. నాయనకు ఆపరేషన్. ఆర్గానిక్ పేపర్ పోయింది. చెల్లె పెళ్లికి అప్పు దొరకాలి. కుడివైపు ఖాళీ. జవాబు వచ్చిన రోజు అక్కడ తేదీ వేసేవారు. కుడివైపు తేదీ పడని వరుసలు చాలానే ఉన్నాయి, వాటినెవరూ కొట్టేయలేదు. సీనియర్లు వెళ్లిపోయేటప్పుడు ఆ బుక్కు జూనియర్ల చేతికిచ్చేవారు.

ఆ గురువారం కూటాన్ని మేం ఈయూ, అంటే ఇవాంజెలికల్ యూనియన్, అనేవాళ్లం. 1954లో మొదలైన యూఈఎస్ఐ అనే క్రైస్తవ విద్యార్థి ఉద్యమంలో భాగం అది. అంతకు ఏడేళ్ల ముందు, 1947లో, అనేక దేశాల ఇలాంటి విద్యార్థి బృందాలు కలిసి ఐఎఫ్ఈఎస్‌గా ఏర్పడ్డాయి. ఈ చరిత్ర నాకు తర్వాత తెలిసింది. అప్పటికి నాకు తెలిసిందల్లా చాప, చాయ్, ఆ నోటుబుక్కు. కూటం నడిపేది అయ్యగార్లు కాదు, విద్యార్థులే. అమ్మాయిల హాస్టల్లో వాళ్లకు వేరే ప్రేయర్ సెల్ ఉండేది.

చదువు పెరిగేకొద్దీ ప్రశ్నలూ పెరిగాయి. ఒక మిత్రుడు, అంబేద్కర్‌ను బాగా చదివినవాడు, మెస్‌లో అందరి ముందూ అడిగాడు: "మీ తాతలు బియ్యానికే కదా మతంలో కలిసింది?" ముఖం కందిపోయింది. గురువారం ఆ మాటే గదిలో పెట్టాను. సీనియర్ సర్దిచెప్పలేదు, "లైబ్రరీకి పో" అన్నాడు. పోయాను. వారాల తరబడి చదివాను. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జె.ఇ. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించాడు. ఆ కరువు సాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు వెనుకపట్టాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఇవన్నీ మిత్రుడికి చెబితే, "సరే, మరి మీ చర్చిలో కులం పోయిందా?" అన్నాడు. పోలేదని ఒప్పుకున్నాను. ఈ రోజుకీ ఆ ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు లేదు. కానీ అడిగినవాణ్ని శత్రువుగా చూడడం మాత్రం మానేశాను. నా విశ్వాసం నిలబడడంలో గురువారం గదికి ఎంత పాలుందో ఆ లైబ్రరీకి అంత పాలుంది.

ఒక్క చోట మాత్రం, కులం సర్టిఫికెట్టు దగ్గర, గదిలో కూడా మాటలు ఆగిపోయేవి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులనూ, 1990లో బౌద్ధులనూ చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మాదిగవాడో మాలవాడో క్రైస్తవుణ్నని రాసుకుంటే మన దగ్గర బీసీ-సి, అంటే ఒక్క శాతం రిజర్వేషన్. కాలనీ అదే, కూలి అదే, ఊరు చూసే చూపూ అదే, మారేది కాగితం ఒక్కటే. కాబట్టి యూనివర్సిటీలో బైబిలు కనబడనీయకుండా దాచుకునే పిల్లలను పిరికివాళ్లు అంటే నేను ఒప్పుకోను. ఆ కాగితం వెనుక ఒక ఇంటి బతుకంతా ఉంటుంది. ఈ చట్టం అన్యాయమని నా అభిప్రాయం. ఆ బరువు పద్దెనిమిదేళ్ల పిల్లల నెత్తిన పెట్టి ధైర్యం మీద ప్రసంగాలు చేయడం ఇంకా అన్యాయం.

పరాయి ఊళ్లో చేరదీసే ఇంటి మాట వస్తే భక్తసింగ్ గారు గుర్తొస్తారు. హైదరాబాద్‌లో ఆయన సంఘం హెబ్రోను తెలియని తెలుగు విశ్వాసి ఉండడు. ఆయన పంజాబీ సిక్కు. కుర్రతనంలో చేతికొచ్చిన బైబిలు పేజీలు చింపేసి, అట్ట బాగుందని అట్ట ఉంచుకున్నవాడు. 1929లో కెనడాలోని విన్నిపెగ్‌లో ఇంజినీరింగ్ చదువుతూ తనే అడిగి కొత్త నిబంధన తెచ్చుకుని చదివాడు. ఆ ఊళ్లో హేవర్డ్ దంపతులు ఆయన్ను తమ ఇంట్లో ఉండమన్నారు. 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం తీసుకున్నాడు, 1950లో హెబ్రోను మొదలైంది. వీటన్నిటి వెనుక ఆ దంపతుల ఇల్లూ వాళ్ల అన్నమూ ఉన్నాయి. నాకూ అలాంటి ఇల్లొకటి దొరికింది, తార్నాకలో. ఒకప్పటి ఈయూ అక్క, ఆమె భర్త నెలకో ఆదివారం మమ్మల్ని భోజనానికి పిలిచేవారు. ఆమె జొన్నరొట్టె చేసిన రోజు నేను అయిజలో ఉన్నట్టే తిన్నాను.

మా సంఘాల మూలమూ ఒక ఇంట్లోనే ఉంది. అయిజ ఉన్న మా నడిగడ్డలో మొదట పని చేసిన అమెరికన్ బాప్టిస్టులు 1937లో పాలమూరు, గద్వాల స్టేషన్లను మెన్నోనైట్ బ్రదరెన్ మిషన్‌కు అప్పజెప్పారు. ఆ మెన్నోనైట్ల మూలం ఎక్కడని వెతికితే 1525 జనవరిలో జ్యూరిచ్‌లోని ఒక ఇంటికి చేరాను. బైబిలు కలిసి చదువుకునే కొందరు యువకులు, తెలిసి నమ్మి తీసుకున్నదే బాప్తిస్మమని ఆ ఇంట్లో బాప్తిస్మాలు ఇచ్చుకున్నారు. మొదట ఇచ్చిన కాన్రాడ్ గ్రెబెల్ వియన్నా, పారిస్ యూనివర్సిటీల్లో చదివినవాడు. నాకు పదహారో ఏట తుంగభద్రలో బాప్తిస్మం ఇచ్చారు. తెలిసి నమ్మింది మాత్రం ఆ చాప మీద కూర్చున్నాకే.

దసరా సెలవులకు ఇంటికొస్తే అమ్మ సీడు పత్తిలో క్రాసింగు చేస్తూ కనబడేది. సాయంత్రం మొగ్గ గిల్లి మగ కేసరాలు తీసేసి, గుర్తు పెట్టి, మర్నాడు పొద్దున్నే మగ పువ్వు పుప్పొడి అద్దాలి. "ఇయ్యాల గిల్లకపోతే రేపటికి పూసి పాడైతది నాయనా. ఎల్లుండి రెండింతలు చేస్తమంటే నడవది" అనేది. గురువారాలు ఒక్కటి కూడా తప్పకుండా పోవడం నాకు ఆ మాట నుంచే వచ్చింది. ఇప్పుడు మన సంఘాల్లో యువజనుల పేరు చెప్పి ఏడాదికోసారి పెద్ద స్టేజీ, లైట్లు, వేలమంది. నేను వద్దనను. కానీ ఆ ఖర్చులో పదో వంతు పెట్టి, చదువుకు పోయిన మన పిల్లలు ఏ హాస్టల్లో ఉన్నారో ఒక జాబితా రాసుకున్న సంఘాలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ప్రార్థన చేసి బస్సెక్కిస్తాం, అంతటితో మరిచిపోతాం.

ఆ తల్లికి నేను ఒక్క ఫోన్ నంబరే ఇచ్చాను, ఆ యూనివర్సిటీలో ప్రేయర్ సెల్ నడిపే అమ్మాయిది. పిల్లతో అక్కడే మాట్లాడించాను. అయ్యగార్లకూ సంఘ పెద్దలకూ నా మనవి: ఈ నెల మీ సంఘం నుంచి యూనివర్సిటీకి పోయే ప్రతి పిల్ల పేరు, ప్రతి పిల్లవాడి పేరు రాయండి. పాలమూరు అయినా ఉస్మానియా అయినా, అక్కడున్న మన మనిషి ఒకరికి వాళ్లను మాటతో అప్పజెప్పండి. హైదరాబాద్‌లో స్థిరపడిన నడిగడ్డ వాళ్లు నెలకొక ఆదివారం ఇద్దరు పిల్లలను అన్నానికి పిలవండి. తల్లిదండ్రులు ఫోన్ చేసినప్పుడు ఆదివారం సంగతి అడగండి, అడిగి ఊరుకోకుండా వాళ్ల ప్రశ్నలేమిటో కూడా వినండి.