రన్‌వే పక్కన ప్రోషితభర్తృకలు

2020 సెప్టెంబరులో, ఆరు నెలల విరామం తర్వాత, శంషాబాద్‌లో విమానం ఎక్కాను. ముఖానికి మాస్కు, దాని మీద ప్లాస్టిక్ తెర. మా విమానం రన్‌వే వైపు మెల్లగా పాకుతుంటే కిటికీలోంచి అవి కనిపించాయి. ఒకదాని పక్కన ఒకటి, ముక్కులన్నీ ఒకే దిక్కుకి. ఇంజన్ల నోళ్లకు మూతలు బిగించారు. ముక్కు పక్కనా చక్రాల దగ్గరా ఎర్ర గుడ్డ పట్టీలు గాలికి రెపరెపలాడుతున్నాయి. ఆ పట్టీల మీద ఇంగ్లీషులో ఉండేది ఒక్కటే మాట: ఎగిరే ముందు తీసేయాలి. ఎప్పుడో ఒకప్పుడు ఎగురుతుందన్న నమ్మకం ఉంటేనే కదా ఆ మాట రాసేది! జానెడు గుడ్డ పీలికలో అంత ఆశ చూసి నా కళ్లు చెమర్చాయి. పక్క సీటాయన కాస్త అవతలికి జరిగాడు. కళ్లు ఎర్రబడినా కరోనా అని అనుమానించే రోజులవి.

ఆగిపోయిన విమానాన్ని చూసి అందరూ అయ్యో అంటారు. వాటి గురించి రాసేవాళ్లు శ్మశానం అన్న మాట లేకుండా పేరా దాటరు. నాకు మాత్రం అది తొందరపాటు అనిపిస్తుంది. మన ఆలంకారికులు ఈ సంగతిలో బహు నిక్కచ్చి మనుషులు. ఎడబాటులో మళ్లీ కలుస్తామన్న ఆశ మిగిలి ఉంటే అది విప్రలంభ శృంగారం, దానికి స్థాయి రతి. ఆశ తెగిపోతే కరుణ, దానికి స్థాయి శోకం. ఏడుపు రెండుచోట్లా ఒకలాగే వినిపిస్తుంది. సాయంత్రం వాకిట్లో దీపం పెట్టారా లేదా అన్నది చూస్తే గానీ ఏది ఏదో తెలియదు.

శంషాబాద్‌లో ఆ రోజు దీపాలు పెట్టే ఉన్నాయి. విమానాన్ని ఊరికే నిలబెట్టి వదిలేయరు. బరువంతా ఒకేచోట ఆనితే టైరు చదునుబడిపోతుందని అప్పుడప్పుడూ చక్రాలను కాస్త కాస్త తిప్పుతారు. గాలివేగం కొలిచే సన్నటి గొట్టాల్లో మట్టిగూడు కట్టే కందిరీగలు దూరకుండా తొడుగులు వేస్తారు. ఎండకి లోపలి సీట్లు వెలిసిపోకుండా కిటికీలు మూస్తారు. మధ్యమధ్య ఇంజన్లు తిప్పి చూస్తారు. భర్త దేశాంతరం వెళ్తే పూలు ముడవక, ఒంటి జడ వేసుకుని, ఇల్లు మాత్రం పద్ధతిగా నడుపుకొనే నాయికను ప్రోషితభర్తృక అన్నారు. అష్టవిధ నాయికల్లో ఆమెకి అలంకారం లేదు, ఆ లేమే ఆమె సొగసు. ఎగిరేటప్పుడు విమానంలో మనం చూసేది వేగాన్ని. ఇలా ఆగినప్పుడే దాని ఒడలు కనిపిస్తుంది: మొదట్లో మందంగా మొదలై చివరికి సన్నబడి పైకి లేచే రెక్క, పొట్ట కింద ఎక్కడా అతుకు తెలియని వంపు, ఇంత పెద్ద దేహాన్ని మోస్తున్న ఆ చిన్న చిన్న చక్రాలు.

చక్రాలంటే గుర్తొచ్చింది. 1989 నుంచి ఇండియన్ ఎయిర్‌లైన్స్ నడిపిన ఎయిర్‌బస్ ఎ320లకు రెక్కల కింద ఒక్కో కాలికి నాలుగేసి చక్రాలుండేవి. ప్రపంచమంతా ఆ విమానం రెండేసి చక్రాలతో దిగుతుంటే, మన రన్‌వేలు బరువు తట్టుకోవాలని మనవాళ్లు పట్టుబట్టి చేయించుకున్న ఏర్పాటది. మారేడ్‌పల్లిలో మా డాబా మీద నిలబడి ఆ చక్రాలు లెక్కపెట్టిన వాణ్ని నేను. బేగంపేటలో దిగే విమానం తూర్పు నుంచి వస్తే మా నీళ్ల ట్యాంకు మీదుగానే పోయేది. శుక్రవారం చిత్రలహరిలో మంచి పాట మధ్యలో టీవీ బొమ్మ వణకడం మొదలయ్యేది, ఆ తర్వాత చప్పుడు. అమ్మ పాట పోయిందని విసుక్కునేది. నేను మెట్లెక్కి పరిగెత్తేవాణ్ని. తోక మీద నారింజ రంగు, కడుపు కింద ఎనిమిది చక్రాలు, ఒక్క క్షణం. ఆ క్షణాన్ని కాస్త ఆపి చూడాలన్న కోరికే నన్ను ఆగిపోయిన విమానాల వెంట తిప్పింది అనుకుంటాను.

ఆ కోరిక 2019లో అరిజోనా దాకా లాక్కెళ్లింది. మా తమ్ముడి కొడుకు చాండ్లర్‌లో ఉంటాడు. “ఇంత దూరం వచ్చి గ్రాండ్ కాన్యన్ వదిలేసి తుక్కు చూస్తానంటారేంటి పెదనాన్నా?” అంటూనే తీసుకెళ్లాడు. ఫీనిక్స్ నుంచి టూసాన్ వెళ్లే దారిలో, మరానా అనే ఊరి దగ్గర, పినాల్ ఎయిర్‌పార్క్. మనిషికి మూడింతల ఎత్తు జెముడు చెట్ల వెనకాల తోకలు, తోకలు, తోకలు. ఇక్కడే ఎందుకంటే గాలిలో తేమ లేదు, వానలు తక్కువ, అల్యూమినియాన్ని తుప్పు తినేయదు. నేల గట్టిది, సిమెంటు పోయకపోయినా విమానం దిగబడదు. మన నల్లరేగడి మీద ఒక్క జూలై గడిస్తే చక్రాలు సగానికి కూరుకుపోతాయి.

కంచె అవతలి నుంచి చూస్తూ, ఏది విరహం, ఏది వైధవ్యం అని తేల్చుకోవడానికి గంట పట్టింది. చూడాల్సింది ఇంజన్‌ని. పాత విమానం విలువలో పెద్ద వాటా దానిదే. మూత వేసిన ఇంజన్ ఉంటే ఎవరో మళ్లీ వస్తారని అర్థం. రెక్క కింద ఇంజన్ వేలాడాల్సిన చోట బోసిగా ఉండి, ముందుభాగం పైకి లేచిపోకుండా ముక్కు చక్రానికి సిమెంటు దిమ్మె కట్టి ఉంటే ఇక ఆశ లేదు. రెండో గుర్తు పేరు. తన పేరుతో కళేబరం కనిపించడం ఏ కంపెనీకీ ఇష్టం ఉండదు, అందుకని అక్షరాల మీద తెల్ల రంగు కొట్టేస్తారు. కానీ ఎండకి ఆ తెలుపు పలచబడి కింది అక్షరాలు తేలుతూ ఉంటాయి, సున్నం వేసిన మన గోడల మీద పోయిన ఎన్నికల నినాదం తేలినట్టు. ఓ రెక్క మీద పావురాలు వరుసగా కూర్చున్నాయి. దానికి ఇంజన్లు లేవు. కిటికీల్లో వెండి రేకు మాత్రం కొత్తగా మెరుస్తోంది. ఆశ ఉన్న రోజుల్లో అతికించినదై ఉంటుంది, పీకే అవసరం ఎవరికీ రాలేదు. అది చూశాక కాసేపు మాట్లాడలేకపోయాను. మావాడు వాటర్ బాటిల్ చేతికిచ్చి ఊరుకున్నాడు.

అదే నేల మీదికి 2018 జనవరి 3న డెల్టా సంస్థ ఆఖరి 747 చేరింది. ఆ చివరి ప్రయాణంలో, గాలిలో ఉండగానే, దాని మీద ఓ జంట పెళ్లి చేసుకుంది. అరణ్యవాసానికి పోయే రథంలో తలంబ్రాలు! ఇలాంటిది ఏ నాటకకర్త రాసినా అతి అని కొట్టేసేవాణ్ని.

అతి అంటే, మనవాళ్లేం తక్కువ తినలేదు. 2022 నవంబరులో కొచ్చి నుంచి ఓ ముసలి విమానం హైదరాబాద్‌కి రోడ్డు మీద బయల్దేరింది, పిస్తా హౌస్ వాళ్ల హోటల్‌గా మారడానికి. బాపట్ల జిల్లా మేదరమెట్ల దగ్గర అండర్‌పాస్ కింద ఇరుక్కుంది. రెక్కలు కోసేసిన పొడుగాటి ఒడలు, పైన వంతెన, చుట్టూ సెల్‌ఫోన్లు పట్టుకున్న జనం. ముప్ఫై వేల అడుగుల ఎత్తున తిరిగినదానికి ఎత్తు చాలకపోవడం! టీవీలో చూసి నేనూ అందరితోపాటు పగలబడి నవ్వాను. నవ్వు తగ్గాక ఆ గుండ్రటి ముక్కు వంతెన నీడలో ఎంత నిండుగా ఉందో గమనించాను. విమానం ముందు మనిషి నిలబడితే దాని పరిమాణం తెలుస్తుందంటారు. లారీలు, పొలం గట్లు, పల్లెటూరి అండర్‌పాస్ పక్కన చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. చివరికి బయటపడి దారిన పడింది.

విశాఖ బీచ్ రోడ్డులో టీయూ-142 కూడా చూశాను. 29 ఏళ్లు నౌకాదళంలో పనిచేసి 2017లో రిటైరై మ్యూజియంగా మారింది. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ఎదురెదురుగా తిరిగే రెండేసి పంఖాలు. గొప్ప విగ్రహమే, కాదనను. కానీ మెట్లు కట్టి, దీపాలు పెట్టి, టికెట్టు అమ్మినచోట నాకు రసం నిలవదు. సన్మానం శాలువా కప్పుకున్న వృద్ధుణ్ని చూసినట్టుంటుంది. ఎదురుచూపు లేదు, దుఃఖమూ లేదు.

బేగంపేటది వేరే కథ. ఇక్కడ విశ్రాంతి తీసుకున్నది విమానాశ్రయమే. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ డకోటాలు ఎగిరిన నేల ఇది. 2008 మార్చి 23న ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాద్‌కి తరలిపోయాయి. హెచ్‌వైడీ అన్న మూడక్షరాల గుర్తు కూడా వెంట తీసుకుపోయాయి, దీనికి బీపీఎం అని కొత్తది తగిలించారు. ఉన్న పేరు కోడలికిచ్చి అత్తగారికి వేరే పేరు పెట్టినట్టు. ఆలంకారికులు విప్రలంభంలో చివరగా ఒక వింత రకం చెప్పారు, కరుణ విప్రలంభమని. పోయినవారు మళ్లీ బతికొస్తారన్న మాట మీద ఎదురుచూడటం. కాదంబరిలో మహాశ్వేతది అది. బేగంపేటదీ అదే. రెండేళ్లకోసారి వింగ్స్ ఇండియా ప్రదర్శన జరుగుతుంది. ఆ నాలుగు రోజులూ గోడల వెనక మళ్లీ పెద్ద పెద్ద తోకలు లేస్తాయి. మామూలప్పుడు ఆ గోడ పక్కన కాసేపు నిలబడితే చాలు, ఎవరో ఒకరొచ్చి ఏం పని అని అడుగుతారు. అప్పుడు మాత్రం పిలిచి చూపిస్తారు.

2024 జనవరిలో వెళ్లాను. ఎయిర్ ఇండియా కొత్త ఎ350 అక్కడే మొదటిసారి జనానికి కనిపించింది. బోయింగ్ 777-9 కూడా వచ్చింది, రెక్కల కొసలు మడిచి పెట్టుకుని, కొంగలా. దాని కొస మడత దగ్గర సన్నటి గీత, చీర కుచ్చెళ్లు దోపుకున్నచోట పడే గీత లాంటిది. పది నిమిషాలు దాన్నే చూశాను. జనమంతా ముక్కు దగ్గర ఫొటోలు దిగుతున్నారు.

నాలుగో రోజు సాయంత్రం ఇంట్లో ఉన్నాను. చప్పుడు మొదలైంది. పికెట్ వైపు నుంచి మా మీదికి పెరుగుతూ వచ్చింది. టీవీ బొమ్మ ఇప్పుడు వణకదు, ఐనా అలవాటుగా దాని వైపు చూశాను. డాబా మీదికి వెళ్తే పక్కింటి వాళ్లు, వెనకింటి వాళ్లు అప్పటికే పైనున్నారు. కిందికి దిగొచ్చేసరికి అమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

“బొంబాయి ఫ్లైటారా? ఇవాళ ఆలస్యమైనట్టుంది.”